హెడ్‌ఫోన్‌ను చూసి కట్టిన ఆంప్లిఫయర్

వాల్వు ఆంప్లిఫయర్ గురించి ఎవరు మాట్లాడినా ముందు ఎత్తుకునే మాట కమ్మదనం. పాట కమ్మగా వినిపిస్తుందంటారు, గొంతు దగ్గరగా ఉన్నట్టుంటుందంటారు. ఆ పొగడ్తల్ని కాసేపు పక్కన పెట్టి, ఒక ఆంప్లిఫయర్‌ను తిరగేసి అడుగున ఏముందో చూద్దాం. పనితనం అక్కడే తెలుస్తుంది.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన బాటిల్‌హెడ్ అనే చిన్న సంస్థ ‘క్రాక్’ పేరుతో ఒక కిట్ తయారుచేసింది. విడిభాగాలన్నీ పెట్టెలో వస్తాయి. కొన్నవాళ్లు సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని తామే కట్టుకోవాలి. నాలుగు చెక్కల చట్రం, దాని మీద అల్యూమినియం పలక. పలక మీద ఒక ట్రాన్స్‌ఫార్మర్, రెండు వాల్వులు. చిన్న వాల్వు 12ఏయూ7, లావుది 6080. అడుగున ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు లేదు. పాత రేడియోల్లో ఉన్నట్టే ట్యాగ్ స్ట్రిప్పులు, వాటి మధ్య నేరుగా సాగిన తీగలు, రెసిస్టర్లు, కెపాసిటర్లు. భాగాలు చాలా తక్కువ. పాట లోపలికి వచ్చిన చోటి నుంచి బయటికి వెళ్లే చోటి దాకా వేలు పెట్టి చూపించవచ్చు.

ఈ ఆంప్లిఫయర్ అన్ని హెడ్‌ఫోన్లకూ పనికిరాదు. ఎక్కువ ఇంపిడెన్స్ ఉన్న వాటికోసమే దీన్ని కట్టామని తయారీదారులే చెబుతారు. నా దృష్టిలో దీని గొప్పతనం అక్కడే ఉంది. ఎవరి కోసం కడుతున్నామో ముందు తేల్చుకుని, ప్రతి భాగాన్నీ ఆ లెక్కకు తగ్గట్టు ఎంచుకున్న వస్తువు ఇది. హెడ్‌ఫోన్ మారితే ఏ భాగం మార్చాలి, ఎందుకు మార్చాలి అన్నది కూడా ఇందులోంచే నేర్చుకోవచ్చు.

ఎత్తు, ధార

హెడ్‌ఫోన్ డబ్బా మీద రెండు అంకెలుంటాయి. ఒకటి ఇంపిడెన్స్, అంటే కరెంటుకు అది ఎంత అడ్డుపడుతుందో చెప్పేది, ఓముల్లో. రెండోది సెన్సిటివిటీ, అంటే ఒక మిల్లీవాట్ ఇస్తే ఎన్ని డెసిబెళ్ల చప్పుడు చేస్తుందో చెప్పేది. సెన్‌హైజర్ 1997లో తెచ్చిన హెచ్‌డీ 600కు ఇంపిడెన్స్ 300 ఓములు. చాలా గ్రాడో హెడ్‌ఫోన్లకు 32. రెండూ చెవులకు పెట్టుకునేవే, రెండింటికీ కావలసింది కొద్ది మిల్లీవాట్లే. అయినా ఒకదానికి కట్టిన ఆంప్లిఫయర్ ఇంకోదానికి సరిపోదు.

కడప జిల్లా పులివెందుల చీనీతోటలో బోరు వేయించిన రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. నీళ్లు వందల అడుగుల కింద ఉంటే ఆయన స్టేజీలు ఎక్కువున్న మోటారు దింపుతాడు. ధార సన్నగా ఉన్నా అది నీళ్లను పైదాకా ఎక్కిస్తుంది. కర్నూలు-కడప (కె.సి.) కాలువ కింద నీళ్లు పైనే అందే బావికైతే స్టేజీలు తక్కువ, ధార లావుగా ఉన్న మోటారు కావాలి. రెండు మోటార్ల హార్స్‌పవర్ ఒకటే అయినా ఒకచోటిది ఇంకోచోట పెడితే కరెంటు ఖర్చే తప్ప పని జరగదు. వోల్టేజీని ఎత్తు అనుకుంటే, కరెంటు ధార. 300 ఓముల హెడ్‌ఫోన్‌కు ఎత్తు కావాలి, ధార కొంచెం చాలు. 32 ఓములదానికి ఎత్తు తక్కువే, ధార కావాలి. వాల్వు పుట్టుకే ఎత్తుకోసం: వంద, రెండు వందల వోల్టుల మీద పనిచేస్తుంది, ఇచ్చే కరెంటు మాత్రం మిల్లీఆంపియర్లలోనే.

అంకెల్లో చూద్దాం. హెచ్‌డీ 600 సెన్సిటివిటీ మిల్లీవాట్‌కు సుమారు 97 డెసిబెళ్లు. పాటలో డోలు గట్టిగా మోగినప్పుడు 110 డెసిబెళ్ల దాకా వెళ్లాలనుకుంటే 20 మిల్లీవాట్లు కావాలి. 300 ఓముల్లోకి 20 మిల్లీవాట్లంటే రెండున్నర వోల్టులు, 8 మిల్లీఆంపియర్లు. 32 ఓములు, 98 డెసిబెళ్ల హెడ్‌ఫోన్‌కు అదే చప్పుడుకు 16 మిల్లీవాట్లు చాలు. వోల్టేజీ ముప్పాతిక వోల్టుకన్నా తక్కువే. కరెంటు మాత్రం 22 మిల్లీఆంపియర్లు, శిఖరం దగ్గర 31. వాట్లు తగ్గాయి, కరెంటు మూడింతలకు దగ్గరైంది. వాల్వుకు కష్టమయ్యేది ఈ రెండోదే.

వాల్వుకూ పెద్ద ఇంపిడెన్సుకూ చుట్టరికం కొత్తది కాదు. రేడియో తొలిరోజుల్లో హెడ్‌ఫోన్లకు రెండు వేల ఓముల పైమాటే ఉండేది. వాటిని నేరుగా వాల్వు ఆనోడు దారిలోనే కలిపేవారు. 1968లో సెన్‌హైజర్ తెచ్చిన హెచ్‌డీ 414కు కూడా 2000 ఓములు. బేయర్‌డైనమిక్ డీటీ 880ని 32, 250, 600 ఓముల్లో విడివిడిగా చేసింది. ఇంపిడెన్స్ పెరగాలంటే లోపలి చిన్న కాయిల్‌ను ఇంకా సన్నని తీగతో, ఇంకా ఎక్కువ చుట్లు చుట్టాలి.

రెండు వాల్వుల పొందిక

ఇప్పుడు క్రాక్ అడుగు చూద్దాం. పాట ముందుగా వాల్యూమ్ కంట్రోల్ గుండా 12ఏయూ7లోకి వెళ్తుంది. ఒకే గాజు బుడ్డిలో రెండు ట్రయోడ్లు. ఒకటి ఎడమ చెవికి, ఒకటి కుడికి. సిగ్నల్ వోల్టేజీని పది, పదిహేను రెట్ల మధ్య పెంచడం దీని పని. పెంచిన సిగ్నల్ 6080కి చేరుతుంది. 6080 వోల్టేజీని పెంచదు, నిజానికి కొంత తగ్గిస్తుంది. బదులుగా కరెంటు ఇస్తుంది. ఈ అమరికను క్యాథోడ్ ఫాలోయర్ అంటారు.

6080 పాట కోసం పుట్టిన వాల్వు కాదు. దాని మూలరూపమైన 6ఏఎస్7జీని, ఆ తర్వాత పొట్టి గాజులో వచ్చిన 6080నీ పవర్ సప్లైల్లో వోల్టేజీని నిలకడగా ఉంచడానికి రెగ్యులేటర్లుగా తయారుచేశారు. ఆ పనికి తక్కువ వోల్టేజీ మీద ఎక్కువ కరెంటు వదలగలగాలి. మామూలు వాల్వుల్లో ఆ గుణం అరుదు. దీని యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ కేవలం 2, అంతర్నిరోధం 280 ఓములు. ఇందులోనూ రెండు సగాలున్నాయి, ఒక్కో సగం 13 వాట్ల వేడి ఓర్చుకోగలదు. ఫిలమెంటు ఒక్కటే 6.3 వోల్టుల దగ్గర రెండున్నర ఆంపియర్లు తాగుతుంది. రెగ్యులేటర్‌గా పనికొచ్చిన ఆ గుణమే హెడ్‌ఫోన్‌కు కరెంటు అందించడానికీ పనికొస్తుందని గుర్తించడం ఈ డిజైన్‌లో మొదటి తెలివి. స్పీకర్లను ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నడపాలని 1950లలో పట్టుబట్టిన జూలియస్ ఫటర్‌మన్ దారి ఇదే. ఎనిమిది ఓముల స్పీకర్‌కు ఆ పని చేయాలంటే వాల్వుల గుంపు కావాలి. 300 ఓముల హెడ్‌ఫోన్‌కు చెవికొక సగం వాల్వు చాలు.

రెండో తెలివి రెండు వాల్వుల మధ్య ఉంది. అక్కడ ఏ భాగమూ లేదు, ఒక తీగ ముక్క తప్ప. చాలా ఆంప్లిఫయర్లలో ఒక దశ నుంచి ఇంకో దశకు వెళ్లే చోట కెపాసిటర్ పెడతారు, మొదటి వాల్వు ఆనోడు దగ్గరున్న డీసీ వోల్టేజీ రెండో వాల్వు గ్రిడ్డుకు తగలకూడదని. ఇక్కడ ఆ వోల్టేజీనే వాడుకున్నారు. హెచ్‌టీ, అంటే వాల్వులకు అందే హై టెన్షన్ డీసీ, 170 వోల్టుల చుట్టుపక్కల ఉంటుంది. 12ఏయూ7 ఆనోడు దగ్గర డెబ్బై, ఎనభై వోల్టులు నిలుస్తాయి. అదే 6080 గ్రిడ్డు వోల్టేజీ. 6080 క్యాథోడు దానికన్నా ఎక్కువగా, వంద వోల్టుల పైచిలుకు దగ్గర తనంత తానే నిలబడుతుంది. క్యాథోడు కింద 3 కిలో ఓముల రెసిస్టర్ ఉంది కాబట్టి దాని గుండా సుమారు 35 మిల్లీఆంపియర్లు పారుతాయి. మొదటి వాల్వు నిలకడే రెండో వాల్వు నిలకడ. ఒక కెపాసిటర్ అవసరం తప్పింది; దానితోపాటు అది తెచ్చే తలనొప్పులూ పోయాయి.

మూడోది కంటికి కనిపించే తెలివి. 12ఏయూ7 క్యాథోడు కింద మామూలుగా ఒక రెసిస్టర్, దాని పక్కన పెద్ద ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్ పెడతారు. క్రాక్‌లో ఆ జోడీ బదులు ఒక ఎర్ర ఎల్‌ఈడీ ఉంది. దాని మీద పడే వోల్టేజీ, కరెంటు కొంచెం అటూఇటూ అయినా, ఒకటిన్నర వోల్టుల దగ్గరే స్థిరంగా ఉంటుంది. వాల్వును సరైన చోట నిలిపే బయాస్‌కు కావలసింది అదే. కెపాసిటర్ అవసరమే లేదు. పైగా ఎల్‌ఈడీ వెలిగితే ఆ వాల్వులో కరెంటు పారుతున్నట్టు, వెలగకపోతే ఎక్కడో తప్పు ఉన్నట్టు. మీటర్ తీయకముందే సగం రిపేరు అయినట్టే. ఒక్క చిన్న భాగం మూడు పనులు చేస్తోంది.

3 కిలో ఓముల రెసిస్టర్ కూడా గమనించదగ్గది. వంద వోల్టులు, 35 మిల్లీఆంపియర్లు అంటే మూడున్నర వాట్ల వేడి. 6080 సగం మీద పడే వేడి రెండున్నర వాట్లే, అది ఓర్చుకోగల 13లో అయిదో వంతు. వాల్వు కన్నా రెసిస్టరే ఎక్కువ కాలుతోందన్నమాట. అందుకే అక్కడ 10 వాట్ల రెసిస్టర్ పెట్టి, దాన్ని పలకకు ఆనించకుండా గాలి ఆడేటట్టు నిలబెడతారు. వాల్వు మీద భారం తగ్గించి, చవకగా మార్చగలిగే భాగం మీదికి తోశారు.

క్యాథోడు దగ్గర వంద వోల్టులున్నాయి. అవి చెవిదాకా రాకూడదు కాబట్టి హెడ్‌ఫోన్‌కు ముందు 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి తప్పదు. దాని తర్వాత జాక్ దగ్గర రెండున్నర కిలో ఓముల రెసిస్టర్ ఉంటుంది. హెడ్‌ఫోన్ తగిలించకపోయినా కెపాసిటర్ ఛార్జి కావడానికి దారి అదే. అది లేకపోతే హెడ్‌ఫోన్ గుచ్చిన క్షణంలో పెద్ద దెబ్బ తగులుతుంది. ఉన్నా కూడా వాల్వులు వేడెక్కాకే హెడ్‌ఫోన్ తగిలించాలన్నది మంచి అలవాటు.

హెడ్‌ఫోన్ మారితే

ఇప్పుడు లెక్క హెడ్‌ఫోన్ వైపు నుంచి చూద్దాం. 6080 దశ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ కాగితం మీద 93 ఓములు. అంతర్నిరోధం 280ని మూడుతో భాగిస్తే వచ్చేది. డేటాషీట్ అంకెలు ఎక్కువ కరెంటు దగ్గరివి. 35 మిల్లీఆంపియర్ల దగ్గర అది 120కి చేరుతుంది. ఐఈసీ 61938 ప్రమాణం హెడ్‌ఫోన్ అవుట్‌పుట్‌కు చెప్పిన అంకె కూడా 120 ఓములే.

300 ఓముల హెడ్‌ఫోన్ ఈ 120తో వోల్టేజీని పంచుకుంటే పదింట ఏడు వంతులు తనకొస్తాయి. నష్టం 3 డెసిబెళ్లు. కానీ ఏ హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్ కూడా అన్ని స్థాయిల దగ్గరా ఒకటే కాదు. సెన్‌హైజర్ హెచ్‌డీ 650 మంద్ర స్వరాల దగ్గర, వంద హెర్ట్‌జ్ చుట్టూ, 500 ఓముల దాకా లేస్తుంది. అక్కడ దాని వాటా పదింట ఎనిమిది అవుతుంది. అంటే బాస్ ఒక డెసిబెల్ పెరుగుతుంది. వాల్వు కమ్మదనం అని చెప్పుకునేదాంట్లో కొంత ఈ ఒక్క డెసిబెలే. ఆ మృదంగం నాదానికి కారణం గాజులో ఎర్రగా వెలిగే ఫిలమెంటు కన్నా, ఈ పంపకం లెక్కలోనే ఎక్కువగా ఉంది.

32 ఓముల హెడ్‌ఫోన్‌కు ఇదే ఆంప్లిఫయర్ పెడితే వాటా అయిదో వంతుకు పడిపోతుంది. అది బాస్‌లో 60 ఓములకు లేచే రకమైతే పెరిగేది నాలుగు డెసిబెళ్లు. పాట మొత్తం ఉబ్బిపోతుంది. డయాఫ్రమ్‌ను ఆంప్లిఫయర్ పట్టి ఆపే బలం కూడా పోతుంది. పైగా వాల్వులో 35 మిల్లీఆంపియర్లే ఉన్నాయి. అంతకు మించిన శిఖరం వస్తే కోతపడుతుంది. 32 ఓముల్లోకి అది 20 మిల్లీవాట్లు. అదే 35 మిల్లీఆంపియర్లు 300 ఓముల్లోకి 180 మిల్లీవాట్లు ఇస్తాయి. తొమ్మిదింతల తేడా.

ఈ సందర్భంలో తరచు వినిపించే సలహా ఒకటుంది: చిన్న ఇంపిడెన్స్ హెడ్‌ఫోన్‌కు అవుట్‌పుట్ కెపాసిటర్ పెంచమని. లెక్క వేస్తే ఆ సలహా నిలవదు. కెపాసిటర్ ఎదురుగా ఉండేది హెడ్‌ఫోన్ 32 ఓములు ఒక్కటే కాదు, వాల్వు 120 కూడా కలుస్తుంది. 100 మైక్రోఫారడ్‌లతో కోత మొదలయ్యేది 10 హెర్ట్‌జ్ దగ్గర. మనిషి చెవి వినే హద్దు 20. కెపాసిటర్ పెంచడంవల్ల ఆ రోగం కుదరదు. రోగం కరెంటులో ఉంది, వాటా పంపకంలో ఉంది.

దానికి అసలు మందు ట్రాన్స్‌ఫార్మర్. అవుట్‌పుట్ కెపాసిటర్ తర్వాత మూడుకొకటి చుట్ల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టామనుకోండి. చుట్ల నిష్పత్తి మూడైతే ఇంపిడెన్స్ నిష్పత్తి తొమ్మిది. 32 ఓముల హెడ్‌ఫోన్ వాల్వుకు 288 ఓములుగా కనిపిస్తుంది. వాల్వు 120 ఓములు హెడ్‌ఫోన్‌కు 13గా కనిపిస్తాయి. 35 మిల్లీఆంపియర్లు 105 అవుతాయి. 20 మిల్లీవాట్లు 175 దాటుతాయి. నాలుగు డెసిబెళ్ల ఉబ్బు ఒకటికి కాస్త పైకి దిగుతుంది. రాగి తీగ, ఇనుప స్టాంపింగులు తప్ప ఇంకేమీ కలపకుండానే ఆంప్లిఫయర్ వేరే హెడ్‌ఫోన్‌కు చెందినదైపోయింది.

ఆ తీగ చుట్టే చేతులు

ఈ చివరి మార్పు మన ప్రాంతానికి దూరమైనది కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు ఊళ్లలోనూ మోటార్ వైండింగ్ షాపులున్నాయి. బోర్ల మీద బతికే సీమలో అవి లేకపోతే గడవదు. ఎనామిల్ రాగి తీగ మందం చూసి కరెంటు చెప్పడం, చుట్టు మీద చుట్టు పడకుండా వరుసలు పేర్చడం, వరుసకూ వరుసకూ మధ్య కాగితం వేయడం, చివర్న వార్నిష్‌లో ముంచి ఆరబెట్టడం వాళ్ల రోజువారీ పని. పాటకు చుట్టే ట్రాన్స్‌ఫార్మర్‌లోనూ ఇవే అడుగులు. తేడా రెండే విషయాల్లో. మోటారుకు 50 హెర్ట్‌జ్ ఒక్కటి చాలు. ఇది 20 నుంచి 20,000 హెర్ట్‌జ్ దాకా సమంగా నడవాలి. అందుకని ప్రైమరీని ఒకే ముద్దగా చుట్టరు. సగం చుట్టి, దాని మీద సెకండరీ చుట్టి, దాని మీద ప్రైమరీ మిగతా సగం చుడతారు. ఉదాహరణకు 600 చుట్ల ప్రైమరీ అయితే 300, మధ్యలో 200 సెకండరీ, పైన మళ్లీ 300. అలా దగ్గరగా పొదిగితే పై స్వరాలు జారిపోవు. రెండో తేడా, చెవి పట్టుకునే సూక్ష్మమైన లోపాన్ని మోటారు పట్టించుకోదు. కాబట్టి చుట్టాక సిగ్నల్ జనరేటర్, మిల్లీవోల్ట్‌మీటర్ పెట్టి కొలవాలి.

ఒకప్పుడు ఈ జతచేసే విద్య ప్రతి రేడియో లోపలా ఉండేది. ఆకాశవాణి కడప కేంద్రం 1963లో మొదలైన నాటికి ఇళ్లలోని పెద్ద రేడియోలు చాలావరకు వాల్వులవే. ఈసీహెచ్81 స్టేషన్‌ను పట్టేది, ఈబీఎఫ్89 పెంచేది, ఈఎల్84 స్పీకర్‌ను మోగించేది. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1961 నుంచి ఇలాంటి రిసీవింగ్ వాల్వులను ఇక్కడే తయారుచేసింది. ఈఎల్84 ఆనోడుకు అయిదు వేల ఓములు కావాలి. స్పీకర్‌కు ఉండేవి మూడో, అయిదో. ఆ అగాధాన్ని దాటించింది రేడియో పెట్టెలోని చిన్న అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరే. అదే ఈఎల్84కు 32 ఓముల హెడ్‌ఫోన్ పెట్టాలంటే నిష్పత్తి పన్నెండున్నరకొకటి. సూత్రం మారలేదు, అంకె మారింది.

వాల్వు మార్చడం, మార్చకపోవడం

క్రాక్ కట్టుకున్నవాళ్లు ఎక్కువగా చేసే మార్పు వాల్వులు మార్చడం. 6080 స్థానంలో 6ఏఎస్7జీ, రష్యన్ 6ఎన్13ఎస్, లేదా టంగ్‌సోల్ వారి 5998. వీటిలో 5998 ఖరీదైనది, పేరు మోసినది. దాని యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ 2 కాదు, అయిదున్నరకు దగ్గర. ఫాలోయర్‌గా 6080 మూడో వంతు సిగ్నల్ పోగొడుతుంది, 5998 ఆరో వంతే పోగొడుతుంది. అవుట్‌పుట్ ఇంపిడెన్స్ కూడా తగ్గుతుంది. రెండూ కలిపితే 300 ఓముల హెడ్‌ఫోన్ దాదాపు మూడు డెసిబెళ్లు గట్టిగా మోగుతుంది. గట్టిగా మోగేదాన్ని చెవి మెరుగైనదిగా ఎంచుతుంది. రెండు వాల్వులను పోల్చేటప్పుడు వాల్యూమ్ సరిచేసి పోల్చకపోతే ఆ పోలికకు విలువలేదు. సరిచేశాక కూడా తేడా వినిపిస్తే, అది తగ్గిన ఇంపిడెన్స్ పుణ్యం. ఆ ఒక్క డెసిబెల్ బాస్ ఉబ్బు తగ్గి ఉంటుంది.

ఇంకో మార్పు తయారీదారులే ఇచ్చారు, ‘స్పీడ్‌బాల్’ పేరుతో. 12ఏయూ7 పైనున్న 22 కిలో ఓముల రెసిస్టర్ తీసేసి దాని చోట ట్రాన్సిస్టర్లతో చేసిన స్థిర కరెంటు సర్క్యూట్ పెడతారు. 6080 కింది 3 కిలో ఓములకూ అంతే. వాల్వులో ట్రాన్సిస్టర్ ఏమిటని ముక్కు విరిచేవాళ్లున్నారు. కానీ ఈ ట్రాన్సిస్టర్లు పాటను పెంచవు. సిగ్నల్ ఎటు ఊగినా కరెంటు మారకుండా పట్టుకుంటాయి, అంతే. రెసిస్టర్ తాగేసే సిగ్నల్ మిగులుతుంది, వక్రీకరణ తగ్గుతుంది, పవర్ సప్లై గరగర లోపలికి రాదు. వాల్వు తన పనిని తాను ఇంకా బాగా చేస్తుంది.

వీటికన్నా ముందు చేయాల్సిన మార్పు ఒకటుంది, ఖర్చు పది రూపాయలు కూడా కాదు. డిజిటల్ పాటను సిగ్నల్‌గా మార్చే ఇప్పటి డీఏసీలు రెండు వోల్టులు ఇస్తున్నాయి. ఆంప్లిఫయర్ దాన్ని కొన్ని రెట్లు పెంచుతుంది. హెడ్‌ఫోన్‌కు కావలసింది రెండున్నర వోల్టులే. దాంతో వాల్యూమ్ నాబ్ ఎప్పుడూ అడుగునే ఉండిపోతుంది. అక్కడ చాలా కంట్రోళ్లలో ఎడమ కుడి సమంగా ఉండవు. పాడే గొంతు ఒక పక్కకు జరుగుతుంది. ఇన్‌పుట్ దగ్గర రెండేసి రెసిస్టర్లతో సిగ్నల్‌ను మూడో వంతుకు తగ్గిస్తే నాబ్ మధ్యలోకి వస్తుంది, గొంతు నడిమికి వస్తుంది.

కట్టిన సర్క్యూట్‌ను దాటి వెళ్లాల్సిన హెడ్‌ఫోన్లూ ఉన్నాయి. హైఫైమ్యాన్ హెచ్‌ఈ-6 ప్లేనార్ (పల్చని పొర మీద తీగ పరిచిన) రకం, 50 ఓములు, సెన్సిటివిటీ మిల్లీవాట్‌కు 83.5 డెసిబెళ్లే. 110 డెసిబెళ్లకు దానికి 450 మిల్లీవాట్లు కావాలి, శిఖరం దగ్గర 134 మిల్లీఆంపియర్లు. క్రాక్‌ను ఎంత మార్చినా అక్కడికి చేరదు. అంత పనీ చేసేది పాత రేడియోలోని ఈఎల్84 లాంటిదే, స్పీకర్ ట్రాన్స్‌ఫార్మర్‌తో. ప్లేనార్ ఇంపిడెన్స్ అన్ని స్థాయిల్లో ఒకటే కాబట్టి అవుట్‌పుట్ ఇంపిడెన్స్ దాని స్వరాన్ని వంచదు. ఆ చివర్న ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్లున్నాయి. జపాన్ స్టాక్స్ సంస్థ 1960లో ఎస్‌ఆర్-1తో మొదలుపెట్టిన రకం. వాటి ప్రో శ్రేణికి 580 వోల్టుల బయాస్, సిగ్నల్‌గా వందల వోల్టుల ఊగు కావాలి, కరెంటు నామమాత్రం. వాల్వు స్వభావానికి ఇంతకన్నా దగ్గరి జోడీ లేదు. స్టాక్స్ ఎస్‌ఆర్‌ఎం-టీ1లో అవుట్‌పుట్ వాల్వులు ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నేరుగా హెడ్‌ఫోన్ పలకలను నడుపుతాయి. సెన్‌హైజర్ 1991లో తన ‘ఓర్ఫియస్’ హెచ్‌ఈ 90కి తోడుగా హెచ్‌ఈవీ 90 వాల్వు ఆంప్లిఫయర్ చేసిందీ అందుకే.

మన ఎండకు, మన కరెంటుకు

కిట్ ఎక్కడ పుట్టినా పనిచేయాల్సింది ఇక్కడి గదిలో. 6080 ఫిలమెంటే పదహారు వాట్లు కాలుస్తుంది. హెచ్‌టీ ఇంకో పదమూడు. మొత్తం ముప్పై వాట్ల పైన వేడి ఒక చిన్న చెక్క పెట్టెలో. కడప ఎండలకు గది నలభై దాటినప్పుడు ఆ పెట్టె లోపల కెపాసిటర్ల పరిస్థితి ఊహించుకోవచ్చు. ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్ ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆయువు సగమవుతుంది. అందుకని 85 డిగ్రీల రకం వదిలి 105 డిగ్రీల రకం వాడాలి, వాటిని కాలే 3 కిలో ఓముల రెసిస్టర్లకు దూరంగా పెట్టాలి. చెక్క చట్రానికి అడుగున గాలి దారి వదలాలి.

ఫిలమెంటు 6.3 వోల్టులకు పదిశాతం అటూఇటూ ఓర్చుకుంటుంది. అంటే గోడ సాకెట్‌లో 230 బదులు 207 నుంచి 253 దాకా. పల్లె ఫీడర్ మీద మోటార్లన్నీ ఆన్ అయినప్పుడు 207 కిందికి దిగడం వింత కాదు. క్యాథోడు తగినంత వేడెక్కక కరెంటు తగ్గుతుంది, పాట నలిగిపోతుంది, ఎక్కువకాలం అలాగే నడిస్తే వాల్వు పాడవుతుంది. వాల్వులకు వేలు పోసేకంటే ముందు ఒక స్టెబిలైజర్ కొనాలి. ఎర్త్ సరిగా ఉండాలి. అది లేకపోతే చెవిలో హమ్ పోదు, వంటికీ క్షేమం కాదు. స్విచ్ ఆపినా 170 వోల్టులు కెపాసిటర్లలో కాసేపు నిలిచే ఉంటాయి. మీటర్ పెట్టి సున్నా చూడనిదే లోపల చెయ్యి పెట్టకూడదు. వాల్వు పని తెలియనివాళ్లు తెలిసినవాళ్ల పక్కన కూర్చునే మొదటి ఆంప్లిఫయర్ కట్టాలి.

ఇదంతా చూశాక, వాల్వు ఆంప్లిఫయర్ కొనాలనుకున్నవాళ్లు ముందు ఏం చేయాలో తేల్చుకోవడం తేలిక. హెడ్‌ఫోన్ డబ్బా తీసి రెండు అంకెలు చదవాలి. 300, 600 ఓములైతే రెండు వాల్వుల క్రాక్ లాంటిది చాలు, వాల్వు మార్చాలన్న ఆరాటం కన్నా ఇన్‌పుట్ రెసిస్టర్లు సరిచేసుకోవడం మేలు. 32 ఓములైతే వాల్వులకు పెట్టే డబ్బు ట్రాన్స్‌ఫార్మర్‌కు పెట్టాలి. ఫోన్‌తో వచ్చిన ఇయర్‌ఫోన్లయితే ఇవేవీ అక్కర్లేదు, ఫోనే సరిపోతుంది. తన హెడ్‌ఫోన్ ఏదో ముందే చెప్పి, దానికి తప్ప ఇంకోదానికి మాటివ్వని ఆంప్లిఫయర్‌ను నమ్మొచ్చు. అన్నిటికీ సరిపోతానని చెప్పేదాని అడుగు విప్పి చూసి కొనాలి.